బ్రహ్మాండంలో మనమెంత?

మన వాళ్ళకి ఒక అలవాటుంది. ఎవరైనా ఏదైనా పోగొట్టుకుని ఏడుస్తుంటే పక్కన కూచుని, ఓసారి పైకి చూసి, నిట్టూర్చి, "ఏముందమ్మా, ఇంత బ్రహ్మాండంలో మనమెంత, మన బాధెంత!" అంటారు. అన్నవాళ్ళకి గొప్ప వేదాంతం చెప్పామన్న తృప్తి ఉంటుంది. విన్నవాళ్ళకి ఏముంటుందో ఎవరూ అడగరు. ఈ మధ్య ఆ మాట నేనే అన్నాను. నేనూ అడగలేదు. అన్న దగ్గర్నుంచీ అది నన్ను వదలడం లేదు. అందుకే మీతో చెప్పుకోవాలనిపించింది.

సంగతి చిన్నదే. అమ్మ పోయి ఏడాది దాటింది. అమ్మ చేతులకి నాలుగు బంగారు గాజులుండేవి. ఒక్కోటి కాసున్నర చొప్పున ఆరు కాసులు పెట్టి చేయించారు. నలభై ఏళ్ళకి పైగా అవి ఆవిడ చేతులమీదే ఉన్నాయి. అమ్మ పోయాక నాన్న వాటిని నా చేతిలో పెట్టి, "పెద్దదానివి, ఇద్దరూ చూసుకోండి" అన్నారు.

నేను చూసుకున్నాను. ఎలాగంటారా? అరిగిపోయి, సొట్టలు పడి, పాతకాలం చెక్కడంతో ఉన్న ఆ గాజుల్ని మా అమ్మాయి ఎలాగూ వేసుకోదు, చెరిపించి కొత్త రకం చేయిస్తే పెళ్ళినాటికి పనికొస్తాయి అనుకున్నాను. కంసాలి తూకం వేసి, "ఆరు కాసులకి రెండు గ్రాములు తగ్గాయమ్మా, అరుగుదల" అన్నాడు. ఆనాటి ధర కట్టి సగం డబ్బు పైసలతో సహా మా చెల్లెలికి పంపించాను. ఎంత నిక్కచ్చిగా పంచానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

చెల్లెలు ఫోను చేసింది. "ఈ డబ్బేమిటక్కా?" అంది. చెప్పాను. కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత ఏడుపు. చివరి రెండేళ్ళూ అమ్మ దాని దగ్గరే ఉంది. నాకేం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు మనిషికి వేదాంతం వస్తుంది. "ఊరుకోవే. 1380 కోట్ల ఏళ్ళ నాటి విశ్వం ఇది. ఇందులో మనమెంత, ఈ గాజులెంత!" అన్నాను.

అది ముక్కు చీదుకుని, "విశ్వం సంగతి నాకు తెలీదక్కా. ఆ గాజుల చప్పుడు వినిపిస్తే అమ్మ వంటింట్లో ఉందని తెలిసేది నాకు" అని ఫోను పెట్టేసింది.

అన్నట్టు, ఆ 1380 కోట్లు నా నోట్లోకి ఊరికే రాలేదు. ఆ రోజుల్లో నేను విశ్వం పుట్టుక గురించి పుస్తకాలు చదువుతున్నాను. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని, సైన్సుకీ నాకూ ఆమడ దూరం. కాని రాస్తున్న నవలలో ఒక పాత్రకి నక్షత్రాల పిచ్చి ఉండటంతో తప్పనిసరై మొదలుపెట్టాను. తర్వాత వదల్లేకపోయాను. పుస్తకంలో గెలాక్సీలు దూరంగా జరిగిపోతుంటే పొయ్యిమీద అన్నం అడుగంటేది. "ఇవాళ కూడా విశ్వం మాడువాసన వస్తోంది" అనేవారు మావారు.

అంతంత అంకెలు రోజూ చదివితే మనిషికి ఒక రకం మైకం కమ్ముతుంది. మన పాలపుంత ఒక్కదాన్లోనే తక్కువలో తక్కువ 10,000 కోట్ల నక్షత్రాలు! అలాంటి పాలపుంతలు లెక్కపెట్టలేనన్ని! ఆ ఎత్తునించి కిందికి చూస్తే చెల్లెలి ఏడుపు చీమ ఏడుపులాగా వినిపించింది. దానిమీద జాలిపడ్డాననే అనుకున్నాను. నిజానికి తప్పించుకున్నాను.

ఫోను పెట్టేశాక మళ్ళీ ఆ పుస్తకాలే తీశాను. ఈసారి ఒకే ఒక ప్రశ్నతో చదివాను. విశ్వం పెద్దదైనంత మాత్రాన మన దుఃఖం చిన్నదవుతుందా? ఆ కథ నిజంగా అలాగే చెబుతోందా?

కథ మొదటినించీ చెబుతాను. భయపడకండి, లెక్కలుండవు.

1380 కోట్ల ఏళ్ళ కిందట ఇప్పుడు మనకి కనబడేదంతా ఊహకందనంత వేడిగా, దట్టంగా ఉండేది. అక్కణ్ణించి విస్తరించడం మొదలైంది. మహా విస్ఫోటం అంటాం గాని, ఖాళీ జాగాలో ఒక మూల దీపావళి బాంబు పేలినట్టు కాదది. జాగాయే సాగింది. జీలకర్ర వేసిన పిండి రాత్రంతా పులిసి పొంగుతుంటే గింజకీ గింజకీ మధ్య ఎడం పెరుగుతుంది చూడండి, అలాగ. ఏ గింజ దగ్గర నిలబడి చూసినా తక్కినవన్నీ తన్నించే దూరంగా పోతున్నట్టుంటాయి. ఇదీ మధ్య గింజ అని చెప్పడానికి ఏదీ లేదు. మన ఇళ్ళల్లో మాత్రం ఎవరికి వాళ్ళం మధ్య గింజలమే, అది వేరే సంగతి.

ఈ ఊహని మొదట్లో గట్టిగా చెప్పినవాళ్ళలో ఒకాయన చర్చిలో ఫాదరు. బెల్జియం దేశపు జార్జి లెమెట్ర్. విశ్వం విస్తరిస్తోందని 1927లోనూ, అదంతా ఒక ఆదిమ పరమాణువుతో మొదలై ఉంటుందని 1931లోనూ రాశాడు. దానికి 'బిగ్ బ్యాంగ్' అని పేరు పెట్టినవాడు మాత్రం దాన్ని ఒప్పుకోని మనిషి. 1949లో బి.బి.సి. రేడియోలో మాట్లాడుతూ ఫ్రెడ్ హాయిల్ అన్న మాట అది. అత్తగారు విసుక్కుంటూ పిలిచిన పేరే కోడలికి ఖాయమైపోయినట్టు ఆ పేరే నిలిచిపోయింది.

ఎంత దూరంలో ఉన్న గెలాక్సీ అంత వేగంగా దూరమవుతోందని 1929లో కొలతలు కట్టి చూపించినవాడు ఎడ్విన్ హబుల్. ఆయన చెయ్యి పెద్దది, దుర్భిణి ఇంకా పెద్దది. కాని ఆ దూరాలు కొలవడానికి ఆయనకి గజంబద్ద ఇచ్చిందెవరో తెలుసా? హార్వర్డు నక్షత్రశాలలో గంటకి 30 సెంట్ల జీతానికి ఫోటో పలకలమీద చుక్కలు పోల్చిచూసే హెన్రియెట్టా లీవిట్. కొన్ని నక్షత్రాలు క్రమం తప్పకుండా వెలుగుతూ మసకబారుతూ ఉంటాయి. ఆ మార్పుకి ఎక్కువ రోజులు పట్టే నక్షత్రానికి అసలు కాంతి ఎక్కువని ఆవిడ 1912లో తేల్చింది. అసలు కాంతి తెలిస్తే, మనకి కనిపించే కాంతితో పోల్చి దూరం చెప్పొచ్చు. ఆవిడ 1921లో పోయింది. ఆవిడ పేరుని నోబెల్ బహుమతికి పంపుదామని స్వీడన్ పండితుడొకాయన 1925లో ఉత్తరం రాశాడు. ఆవిడ లేదని అప్పటికి ఆయనకి తెలియదు!

ఇక నక్షత్రాలు దేనితో తయారయ్యాయన్న సంగతి. ఇందులో మన గుంటూరుకి కూడా భాగముంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్సునించి జాన్సెన్ అనే ఆయన గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున లేచే ఎర్రటి మంటల కాంతిని విడదీసి చూశాడు. ఆ కాంతిలో కనిపించే ఒక పసుపుపచ్చ గీత భూమ్మీద అప్పటికి తెలిసిన ఏ పదార్థానిదీ కాదని ఇంగ్లండులో లాకియర్ గ్రహించాడు. సూర్యుడి గ్రీకు పేరుమీద దానికి హీలియం అని పేరొచ్చింది. 1895 దాకా అది భూమ్మీద ఎవరికీ దొరకలేదు. ఈ హీలియంలో చాలా భాగం విశ్వం పుట్టిన మొదటి కొద్ది నిమిషాల్లోనే తయారైందట. మనకి కాఫీ పెట్టడానికి పట్టేంత సేపు! ఆ కాసేపట్లో తయారైనదంతా మూడు వంతులు హైడ్రోజను, ఒక వంతు హీలియం, మరేదో కొంచెం. పోపుడబ్బాలో రెండే దినుసులన్నమాట.

నక్షత్రాల్లో నిండా ఉన్నవి ఈ రెండేనని 1925లో తన సిద్ధాంతవ్యాసంలో చూపించింది సిసీలియా పేన్ అనే పాతికేళ్ళ అమ్మాయి. అది దాదాపుగా నిజం కాదని రాయమని పెద్ద పండితుడు రస్సెల్ సలహా ఇచ్చాడు. పాపం, అలాగే రాసింది. నాలుగేళ్ళకి అదే నిజమని రస్సెలే ఒప్పుకోవలసి వచ్చింది.

విశ్వం చల్లబడుతూ చల్లబడుతూ 3,80,000 ఏళ్ళు గడిచేసరికి, అంతదాకా పొగమంచులో చిక్కుకున్నట్టున్న వెలుగు బయటపడింది. ఆ వెలుగు ఇప్పటికీ ఉంది. సాగి సాగి, చల్లబడి, ఆకాశమంతా మైనస్ 270 డిగ్రీల చలిలో సన్నటి రొదలాగా నిండి ఉంది. 1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరికి తమ రేడియో యాంటెనాలో ఎటు తిప్పినా ఒకటే రొద వినిపించింది. లోపల గూడు కట్టిన పావురాలదే తప్పనుకుని, రెట్టలన్నీ శుభ్రం చేశారు. రొద పోలేదు. ఆ రొద విశ్వం బాల్యంనాటిదని తేలింది. 1978లో వాళ్ళకి నోబెల్ బహుమతి వచ్చింది. పాత టీవీల్లో స్టేషను లేనప్పుడు చుక్కలు చుక్కలుగా కనిపించేది కదా, అందులో రవ్వంత ఆ వెలుగుదే.

నన్ను ఆపేసిన సంగతి ఇక్కడే వచ్చింది. ఆ వెలుగు అన్ని వేపులా ఒక్కలాగే ఉంటుంది. కాని పూర్తిగా ఒక్కలాగా కాదు. ఒకచోట ఒక పిసరు వెచ్చన, ఒకచోట ఒక పిసరు చల్లన. ఆ తేడా సుమారు లక్షలో ఒక వంతు. కోబే అనే ఉపగ్రహం కొలిచి పంపితే, 1992లో శాస్త్రజ్ఞులు ఈ సంగతి ప్రకటించారు. ఆ పిసరు తేడాల వల్లనే ఒకచోట పదార్థం కాస్త ఎక్కువగా పోగుపడింది. అది చుట్టూ ఉన్నదాన్ని లాక్కుంది. కోట్ల ఏళ్ళకి గెలాక్సీలైంది, నక్షత్రాలైంది. ఆ లక్షలో ఒక వంతుని "ఇదెంత!" అని ఎవరైనా తీసిపారేసి ఉంటే పాలపుంత లేదు, సూర్యుడు లేడు, నా వేదాంతమూ లేదు.

మరి బంగారం? మొదటి నిమిషాల పోపుడబ్బాలో బంగారం లేదు. మన ఎముకల్లో సున్నమూ, నెత్తురులో ఇనుమూ కూడా లేవు. అవన్నీ తర్వాత నక్షత్రాల కడుపుల్లో ఉడికినవి. ఆ వంట ఎలా జరుగుతుందో 1957లో నలుగురు కలిసి రాశారు. అందులో మొదటి పేరు మార్గరెట్ బర్బిడ్జ్. మౌంట్ విల్సన్ దుర్భిణి ఆడవాళ్ళకి ఇవ్వమన్నారని, భర్తగారి సహాయకురాలి పేరుతో వెళ్ళి నక్షత్రాలు చూసొచ్చిన మనిషి ఆవిడ. ఆ నలుగురిలో ఫ్రెడ్ హాయిల్ కూడా ఉన్నాడు. అత్తగారు చివరికి పురుడు పొయ్యడానికి వచ్చినట్టే!

బంగారం కథ ఇంకా చిత్రం. చచ్చిపోయిన పెద్ద నక్షత్రాల గట్టి గుండెకాయల్లాంటి న్యూట్రాన్ తారలు రెండు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి ఢీకొంటే బంగారం పుడుతుంది. అలాంటి తాకిడి ఒకటి 2017 ఆగస్టు 17న అమెరికా, ఇటలీల్లోని యంత్రాలకి అందింది. అది జరిగింది 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో. అంటే భూమ్మీద రాక్షసబల్లులు తిరిగేనాటి సంగతి మనకి ఆ రోజు తెలిసిందన్నమాట. ఎన్నో భూముల ఎత్తు బంగారం అందులో తయారై ఉంటుందని అంచనా. అలా ఎప్పుడో చిమ్మిన దుమ్ము మబ్బుల్లో కలిసి, సుమారు 460 కోట్ల ఏళ్ళ కిందట సూర్యుడూ భూమీ ఏర్పడినప్పుడు అందులో చేరి, గనిలో పడి, కంసాలి కుంపటికి వచ్చి, మా అమ్మ చేతికి చేరింది.

ఇది చదివి మొదట నాకు సంతోషమే కలిగింది. చూశావా, బంగారం ఎక్కడికీ పోలేదు, అంత తాకిడిలో పుట్టినది కంసాలి మూసలో కరిగితే నశిస్తుందా, నేను చేసిన తప్పేమీ లేదు అనుకున్నాను. మనసు ఎంత తెలివైందో చూడండి! విశ్వాన్నంతా సాక్షిగా పిలిచి తన కేసు గెలవాలనుకుంటుంది.

కాని కాస్త ఆగితే కథ నా పక్షాన లేదని అర్థమైంది. బంగారం పోలేదు, నిజమే. బంగారం కోసం ఎవరేడ్చారు? సగం డబ్బు దాని చేతిలోనే ఉందిగా! పోయింది గాజులు. ఆ సొట్టలు, ఆ అరుగు, ఆ చప్పుడు. బంగారాన్ని ఈ విశ్వం ఎన్నో చోట్ల, ఎన్నోసార్లు తయారుచేసింది, ఇంకా చేస్తుంది. ఆ చప్పుడు మాత్రం ఒకే ఒక్కసారి తయారైంది. దానికి 1380 కోట్ల ఏళ్ళూ కావలసి వచ్చింది. దినుసులు రెండే ఉన్న చోటునించి నక్షత్రాలు, నక్షత్రాలనించి ఇనుమూ బంగారమూ, వాటినించి భూమి, భూమ్మీద ప్రాణం, ఒక వంటిల్లు, ఒక అమ్మ. ఆ వరసలో చివరికి వచ్చినదాన్ని "ఇదెంత" అనడమంటే, ఆ వరసంతటినీ ఇదెంత అనడమే కదా!

ఇంకో సంగతి కూడా తోచింది. ఈ 'మనమెంత' అనే మాట మనం ఎప్పుడు వాడతాం? ఉద్యోగంలో ప్రమోషనొచ్చినప్పుడు వాడం. ఇంటి గట్టు విషయంలో పక్కవాళ్ళతో జానెడు నేలకి తగువు పడేటప్పుడు వాడం. అంత పెద్ద బ్రహ్మాండమూ బీరువాలో మడతపెట్టి ఉంచుకుని, ఎదుటివాళ్ళ దుఃఖం మీద కప్పడానికి మాత్రం బయటికి తీస్తాం. అదీ ఆ దుఃఖంలో మన చెయ్యి ఉన్నప్పుడు మరీ తొందరగా తీస్తాం.

అయితే ఆకాశం చూస్తే ఊరట ఉండదా అంటారేమో. ఉంటుంది, ఎందుకుండదు? అమ్మ పోయిన రాత్రి నేను డాబా మీదికెళ్ళి చాలాసేపు చుక్కల కింద కూచున్నాను. నేను చిన్నదాన్నే అనిపించింది. అలా అనిపించడం ఆ రాత్రి నాకు చాలా హాయిగా ఉంది. కాని ఆ మాట నాకు నేను అనుకున్నది. దుఃఖంలో ఉన్న మనిషి తనంతట తను తలెత్తి చూస్తే ఆకాశం ఊరట. పక్కవాళ్ళు గడ్డం పట్టుకుని తల ఎత్తించి "చూడు, అదెంతో, నువ్వెంతో" అంటే అది ఊరట కాదు, నోరు మూయించడం.

మొదటికి ముందు ఏముంది అని సైన్సుని అడిగితే ఇంకా గట్టిగా చెప్పలేకపోతోంది. ఋగ్వేదం పదో మండలంలో నాసదీయ సూక్తం అని ఒకటుంది. సృష్టి గురించి అన్నీ అడిగి అడిగి, దీన్ని పైనించి చూసేవాడికి తెలుసేమో, ఆయనకీ తెలియదేమో అన్నట్టు ప్రశ్నతోనే ముగించాడా ఋషి. అంత పెద్ద విషయాన్ని ఆయన తెరిచి వదిలేశాడు. నేను చెల్లెలి ఏడుపుని ఒక్క వాక్యంతో మూసేశాను.

వారం తర్వాత ఫోను చేశాను. ఈసారి విశ్వం ఊసెత్తలేదు. "నిన్నడక్కుండా చెరిపించాను. తప్పు నాదే" అన్నాను. అది చాలాసేపు మాట్లాడలేదు. "ఆ మాట ఆ రోజే అనుంటే బావుండేదక్కా" అంది. అంతకంటె ఏమీ అనలేదు. క్షమించానని గాని, క్షమించలేదని గాని చెప్పలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు. ఇంకాసేపటికి, "రోట్లో పచ్చడి నూరేటప్పుడు ఒక రకంగా మోగేవి, మనకి తల దువ్వేటప్పుడు ఇంకో రకంగా మోగేవి, గుర్తుందా?" అంది. గుర్తుంది. ఇద్దరం చాలాసేపు ఆ చప్పుళ్ళ గురించే మాట్లాడుకున్నాం.

ఫోను పెట్టేశాక కంసాలి మాట గుర్తొచ్చింది. రెండు గ్రాములు అరుగుదల. ఆ రెండు గ్రాములూ ఎక్కడికి పోయాయి? రోటిమీద రాసుకుని, అంట్ల బూడిదలో రాసుకుని, మా ఇద్దరి తలలకీ కుంకుడు రసం రుద్దుతూ రాసుకుని, పిసరు పిసరుగా మా ఇంట్లోనే పోయాయి. ఎక్కడో రెండు తారలు ఢీకొంటే పుట్టిన బంగారం, మా అన్నాలకీ జడలకీ కరిగి పోయింది. ఆ లెక్క మాత్రం నేను చెల్లెలికి పంపిన సగంలో లేదు.

కొత్త గాజులు వచ్చాయి. బీరువాలో ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలో ఈసారి ఇద్దరం కలిసి చూసుకోవాలి.